అలల అయస్కాంతత్వం కోసం సీజియం మాగ్నెటోమీటరు: అద్దెకు తెచ్చి చూశాక

విశాఖ తీరానికి ఆవల, ఇరవై మీటర్ల లోతున, అద్దెకు తెచ్చిన సీజియం ఆవిరి మాగ్నెటోమీటరును (అయస్కాంత క్షేత్ర బలాన్ని కొలిచే పరికరాన్ని) వారం రోజులు సముద్రపు అడుగున నిలిపి చూశాక ఈ సమీక్ష రాస్తున్నాను.

ఉప్పునీరు విద్యుద్వాహకం కనుక, భూమి అయస్కాంత క్షేత్రంలో అది కదిలినప్పుడల్లా స్వల్ప విద్యుత్ ప్రవాహం పుట్టి, తనదైన బలహీన క్షేత్రాన్ని కల్పిస్తుంది. నీటి కదలికలోని ఈ విద్యుత్తు కోసమే ఆంగ్ల శాస్త్రవేత్త ఫారడే 1832లో థేమ్స్ నది మీది వాటర్లూ వంతెన నుంచి లోహపు పలకలు దించి, ఆశించిన ఫలితం రాక వెనుదిరిగాడు. మన తీరంలో భూమి అయస్కాంత క్షేత్రం (భూక్షేత్రం) 40,000 నానోటెస్లాల పైమాటే; నానోటెస్లా అంటే క్షేత్ర బలాన్ని కొలిచే చిన్న ప్రమాణం. పది సెకన్ల ఆవర్తన కాలంతో వచ్చే రెండు మీటర్ల అల దానికి చేర్చేది సుమారు ఒక నానోటెస్లాను మించదు.

ఈ పరికరం సీజియం పరమాణువుల్లో నానోటెస్లాకు సుమారు 3.5 హెర్ట్జ్ చొప్పున మారే పౌనఃపున్యాన్ని లెక్కించి, సెకనుకు పది రీడింగులు ఇస్తుంది. నానోటెస్లాలో వందో వంతు తేడాను కూడా గుర్తిస్తుంది కనుక సున్నితత్వానికి వంక పెట్టలేము. చిక్కంతా దాని వంపుతోనే. సెన్సారు భూక్షేత్రంతో చేసే కోణం మారితే రీడింగు కూడా నానోటెస్లా దాకా మారవచ్చు, అంటే మనం వెతికే సంకేతమంత. అద్దెకిచ్చిన వారు ఉక్కు బోల్టుల స్టాండు పంపడంతో ఫైబరు స్టాండు మేమే చేయించుకున్నాము. అయినా మొదటి రెండు రోజులు స్పెక్ట్రంలో (ఏ ఆవర్తన కాలంలో సంకేతం ఎంత బలంగా ఉందో చూపే గ్రాఫులో) అల ఆవర్తన కాలం దగ్గర లేచిన చక్కని శిఖరం చూసి సంబరపడ్డాము. ఇసుక బస్తాలతో స్టాండును బిగించగానే ఆ శిఖరం మూడో వంతుకు కుంగింది. మిగిలినది అలల ఎత్తుపల్లాలను నమోదు చేసే పీడన సెన్సారు రికార్డుతో పాటే పెరుగుతూ తగ్గుతూ వచ్చింది కనుక, అదే అలదని నమ్ముతున్నాను.

10 నుంచి 45 సెకన్ల ఆవర్తన కాలంతో భూక్షేత్రంలో సహజంగా కలిగే స్పందనలు కూడా ఇదే పరిధిలో పడతాయి. అందుచేత వాటిని విడిగా నమోదు చేసి తీసివేయడానికి, తీరం నుంచి కొన్ని కిలోమీటర్ల దూరాన నేల మీద, జీపీఎస్ గడియారంతో నడిచే రెండో మాగ్నెటోమీటరు తప్పనిసరి. ఒక్కటే కొనదలచిన వారు ఆగడం మంచిది. పరికరం లోపలి సీజియం లాంపు వేడెక్కి స్థిరపడడానికి పట్టే సమయం, బ్యాటరీల బరువు కూడా లెక్కలో వేసుకోవాలి.

మన అక్షాంశాల్లో భూక్షేత్రం దాదాపు క్షితిజ సమాంతరంగా ఉంటుంది. అందువల్ల దక్షిణం నుంచి వచ్చే స్వెల్ అలలు (దూరపు గాలులకు పుట్టి వచ్చే పొడవాటి అలలు) బాగా కనబడతాయి గాని, తూర్పు నుంచి నేరుగా వచ్చేవి అదే ఎత్తున్నా ఈ పరికరానికి చాలా మసకగానే అందుతాయి.