కొండలకు ఏ ఫిల్మ్ కెమెరా మొయ్యాలి: యాషికా, నికాన్, మమియాలతో నా అనుభవం

నా దగ్గర మూడు ఫిల్మ్ కెమెరాలున్నాయి: యాషికా మ్యాట్ 124జి, నికాన్ ఎఫ్‌ఎం2, మమియా ఆర్‌బీ67. ఏళ్ల తరబడి వీటిని బెంగళూరు దగ్గరి నంది కొండకీ, సావనదుర్గకీ, మా కడప జిల్లా గండికోటకీ తిప్పుతున్నాను. నడిచి ఎక్కే కొండ అయితే ఇప్పుడు నా సంచిలో ఉండేవి యాషికా, నికాన్ మాత్రమే.

మమియా చెడ్డదని కాదు. మూడింట్లోకీ అందమైన నెగెటివ్ దానిదే. నికాన్ వాడే 35 ఎంఎం ఫ్రేముతో పోలిస్తే నాలుగు రెట్లకు పైగా వైశాల్యం, పైగా అడ్డం ఫొటో నుంచి నిలువుకి మారాలంటే వెనక ఉన్న ఫిల్మ్ బ్యాక్‌ని తిప్పితే చాలు, ట్రైపాడ్ కదపక్కర్లేదు. కానీ లెన్సుతో కలిపి రెండున్నర కిలోలు దాటుతుంది. దానికి తగ్గ గట్టి ట్రైపాడ్ కూడా మొయ్యాలి. ప్రతి ఫ్రేముకీ షట్టర్ ఎక్కించడం ఒక పని, ఫిల్మ్ తిప్పడం ఇంకో పని. నంది మీద పొగమంచు అంతసేపు ఆగదు. "బావా, మంచు విడిపోతాంది, తొందరగా కానీ" అని మా బావమరిది పక్కన నిలబడి చెప్తూనే ఉంటాడు, ఈలోగా కింద లోయలో కనబడిన చెట్ల వరస మళ్లీ మూసుకుపోతుంది. అందుకే మమియాని కారు దిగి కొంచెం నడిస్తే చేరే చోట్లకే ఉంచాను. గండికోట అలాంటి చోటు. పెన్న పుట్టింది ఇక్కడి నంది కొండల్లో, అక్కడ ఎర్రరాతి మధ్య లోయ కోసుకుని పారుతుంది. ఆ రాతి పొరలు ఒక్కొక్కటీ విడిగా కనబడాలంటే పెద్ద నెగెటివ్ ఉండాల్సిందే.

యాషికా బరువు కిలో పైచిలుకు. 120 అనే వెడల్పు ఫిల్మ్ రోలుకి 12 చదరపు ఫ్రేములు. 80 ఎంఎం లెన్సు చూపు 35 ఎంఎం కెమెరాలో 45 లెన్సుకి దగ్గరగా ఉంటుంది, కాబట్టి మామూలు దృశ్యాలన్నీ దీనితోనే. పైనుంచి తల వంచి గాజు మీద చూసి ఫ్రేము కట్టడం నాకు చాలా ఇష్టం. అందులో కుడి ఎడమలు తారుమారవుతాయి, అలవాటు పడటానికి కొన్ని రోజులు పడుతుంది. తెల్లవారుజామున గాజు అంచులు మసకగా ఉంటాయి కాబట్టి ముందు మధ్యలో ఫోకస్ చేసుకుని, తర్వాత ఫ్రేము కడతాను.

మరో సంగతి. యాషికాకి రెండు లెన్సులు, చూసే లెన్సు పైన, తీసే లెన్సు కింద. కాళ్ల దగ్గరి బండని ముందుభాగంలో పెట్టుకున్నప్పుడు, ఫ్రేము కట్టాక ఆ రెండు లెన్సుల మధ్య దూరమంత ట్రైపాడ్‌ని పైకి లేపాలి. లేదంటే బండ పైఅంచు మనం చూసిన చోట రాదు. ఆకాశాన్ని ముదురు చేసే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ (పైసగం ముదురు, కిందిసగం తేట) కూడా ఇందుకే దీనికి కుదరదు, గీత ఎక్కడ పడిందో కనబడదు. నేను పసుపు ఫిల్టర్‌తో సరిపెట్టుకుంటాను, ఒక స్టాప్ (అంటే రెట్టింపు వెలుతురు) ఎక్కువ ఇస్తాను.

ఈ యాషికాలో వెలుతురు కొలిచే మీటర్‌ని 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ కోసం తయారుచేశారు, ఆ బ్యాటరీలు ఇప్పుడు తయారవడం లేదు. 1.5 వోల్టులది వేస్తే లెక్క తప్పుతుంది. ఇక్కడే నికాన్ పనికొస్తుంది. 1982లో వచ్చిన ఎఫ్‌ఎం2 షట్టర్ పూర్తిగా యాంత్రికం, బ్యాటరీ మీటర్‌కి మాత్రమే. ఆ మీటర్‌తోనే రెండు కెమెరాలకీ వెలుతురు కొలుస్తాను. పొగమంచుని మీటర్ బూడిదరంగుకి దించేస్తుంది, అందుకని ఒక స్టాప్ కలుపుతాను. సావనదుర్గలో వాన తర్వాత తడిసి నల్లబడిన గ్రానైట్ దగ్గర దీనికి తిరగేసి, ఒక స్టాప్ తగ్గిస్తాను.

నికాన్‌కి 105 ఎంఎం ఒక్కటే పెడతాను. యాషికాకి అందని దూరపు కొండల వరసలు, ఒంటరి చెట్లు దానివి. చాలామంది రెండో కెమెరాకి కూడా మొదటిదాని చూపే ఉన్న లెన్సు తగిలిస్తారు, అది వృథా బరువు. ఒకటి చెయ్యలేనిది రెండోది చెయ్యాలి.

ఫిల్మ్ విషయంలో యాషికాలో నలుపు తెలుపు ఎఫ్‌పీ4 ప్లస్, నికాన్‌లో రంగుల ఎక్టార్ 100. సూర్యోదయానికి ముందు తీసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: ఎక్కువసేపు తెరిచి ఉంచితే ఫిల్మ్ స్పందన తగ్గుతుంది కాబట్టి, మీటర్ 10 సెకన్లు చూపిస్తే ఎఫ్‌పీ4కి దాదాపు 18 ఇవ్వాలి.

పాత యాషికా కొనేవాళ్లు షట్టర్‌ని ఒక సెకను మీద పెట్టి వినండి. శబ్దం ఆగకుండా సాగి, చివర టక్కుమనాలి. మధ్యలో తడబడితే సర్వీస్ ఖర్చు కలుపుకుని బేరమాడండి. లెన్సు వెనక నుంచి టార్చ్ వేసి చూడండి. సాలెగూడు గీతలు కనబడితే అది ఫంగస్, వదిలెయ్యండి.