ఒక 200 వాట్ల హీటరా, రెండు 100 వాట్లవా?

200 లీటర్ల అక్వేరియానికి రెండు పద్ధతుల్లోనూ అందే వేడి ఒకటే. తేడా హీటర్ చెడినప్పుడు తెలుస్తుంది.

నీటి వేడిని బట్టి హీటర్‌ను నడిపే స్విచ్చు, అంటే థర్మోస్టాట్, ఆన్-ఆఫ్ అయిన ప్రతిసారీ దాని కాంటాక్టుల మధ్య చిన్న నిప్పురవ్వ పుడుతుంది. మాడి మాడి ఒకరోజు అవి అతుక్కుపోతాయి, ఇక హీటర్ ఆగదు. 200 వాట్లదైతే చేపలు చచ్చేంతగా నీళ్లు కాగిపోవచ్చు. 100 వాట్లదైతే వేడి నెమ్మదిగా పెరుగుతుంది, రెండోది దానంతటదే ఆగుతుంది, మనం గమనించే వ్యవధి దొరుకుతుంది. ఒకటి పూర్తిగా పోయినా సగం వేడి మిగులుతుంది. డిసెంబరు రాత్రుళ్లలో, వెచ్చటి నీళ్లు కావాల్సిన డిస్కస్ చేపలకు ఆ సగమే ప్రాణం.

ఒకే హీటర్‌కున్న మేలల్లా నీళ్లు దిగే సీలు, పగిలే గాజు ఒక్కటే కావడం. ధర కూడా కాస్త తక్కువ. అయినా నా ఓటు రెండింటికే.

ఏది పెట్టినా 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) తప్పనిసరి. ఓవర్‌లోడ్, షార్ట్ సర్క్యూట్‌లకు పడిపోయే మామూలు ఎమ్‌సీబీ షాక్‌ను ఆపదు. చాలా గాజు హీటర్లకు ఎర్త్ పిన్ను ఉండదు కాబట్టి, మనం చెయ్యి ముంచేదాకా కరెంటు లీకేజీ బయటపడకపోవచ్చు. అందుకే ముందు ప్లగ్ తీయండి, 15 నిమిషాలాగి నీళ్లు మార్చండి. నీటిమట్టం తగ్గి వేడి గాజు బయటపడితే, చన్నీళ్లు తగలగానే పగలవచ్చు. వైరు సాకెట్ కంటే కిందికి వంగి వేలాడాలి, చుక్కలు అక్కడే రాలిపోతాయి.