సొంతంగా కట్టిన కెఫే రేసర్: కొన్నేళ్లు తోలాక

కెఫే రేసర్ అంటే హ్యాండిల్ కిందికి దించి, ఫుట్‌రెస్టులు వెనక్కి జరిపి, తోక పొట్టి చేసిన బండి. ఫొటోలో బాగోలేని కెఫే రేసర్‌ని నేనింతవరకు చూడలేదు. నాదీ అంతే, పక్కనుంచి చూస్తే ట్యాంకు అడుగు నుంచి తోక దాకా ఒకటే గీత. కానీ కొన్నేళ్లు తోలాక ఆ గీత సంగతి ఎవరికి గుర్తుంటుంది? హ్యాండిల్, సీటు, ఫుట్‌రెస్ట్, ఈ మూడూ మన ఒంటికి కుదిరాయా లేదా అన్నదే మిగులుతుంది. కుదరకపోతే బండి ఎంత అందంగా ఉన్నా షెడ్డులోనే ఉంటుంది.

నేను తీసుకున్నది పాత సింగిల్ సిలిండర్ బండి. కార్బురేటర్, కిక్కు, వెనక డ్రమ్ బ్రేకు.

క్లిప్ ఆన్ హ్యాండిళ్లు నేరుగా ఫోర్కు గొట్టాలకే బిగుస్తాయి. వాటిని పై యోక్‌కి, అంటే రెండు ఫోర్కు గొట్టాల్నీ పైన కలిపి పట్టే దిమ్మకి, కింద బిగిస్తే చూడ్డానికి అదిరిపోతుంది, తోలితే మణికట్లు అదిరిపోతాయి. అందుకే నేను యోక్ పైనే ఉంచాను. 1950లు, 60లలో లండన్ ఏస్ కెఫే దగ్గర చేరే కుర్రాళ్లు గంటకు 100 మైళ్లు, అంటే దాదాపు 160 కిలోమీటర్లు అందుకోవాలని అలా వంగి తోలేవారు. ఆ వేగంలో ఎదురుగాలే ఛాతీని కాస్త మోస్తుంది. ట్రాఫిక్‌లో ఆ గాలి ఎక్కడిది? బరువంతా అరచేతుల మీదే. మోకాళ్లతో ట్యాంకును పట్టి, నడుంతో ఒళ్లు ఆపుకోవడం అలవాటైతేనే నొప్పి తగ్గింది, పూర్తిగా పోలేదు. ఇంకొకటి: హ్యాండిల్ చివరిదాకా తిప్పితే బొటనవేలు ట్యాంకుకు తగిలి నలుగుతుంది. స్టీరింగ్ స్టాపరుకు చిన్న ఇనుప ముక్క అతికితే ఆ బాధ తప్పింది, బదులుగా యూటర్న్‌కి రోడ్డంతా కావాలి.

ఫుట్‌రెస్టులు వెనక్కి జరిపితే మోకాలి మడత పెరుగుతుంది. కిక్కు కొట్టేటప్పుడు అడ్డొస్తాయి కాబట్టి మడిచే రకమే పెట్టాలి. గేరు లింకేజీ లివరును తలకిందులుగా బిగిస్తే గేర్ల వరస కూడా తిరగబడుతుంది. కొందరికి అదే ఇష్టం, నాకు కాదు.

ఫ్రేము తోక కోసే ముందు ఒక్క పని మాత్రం మానొద్దు. బండిని స్టాండు మీద నిలిపి, చైను విప్పి, షాకబ్జార్బర్ల స్ప్రింగులు తీసేసి లోపలుండే ఉత్త డ్యాంపర్ గొట్టాలే బిగించండి. టైరు మీద బంకమట్టి ముద్ద పెట్టి, షాకబ్జార్బర్ చివర అడ్డుండే రబ్బరు బఫర్ నొక్కుకునేదాకా చక్రాన్ని పైకెత్తండి. సీటు అడుగు తగిలి మట్టి అణిగిన చోట మిగిలిన మందమే గుంతలో పడ్డప్పుడు టైరుకు దొరికే జాగా. నాకు రెండు వేళ్ల మందం మిగిలింది. కోసిన తోక చివర్లను కలిపే వంపు గొట్టాన్ని అతికేటప్పుడు లోపల ఇంకో చిన్న గొట్టం ముక్క దోపి వెల్డింగ్ చేశాను. గుంతలెన్ని దిగినా ఆ అతుకు చెక్కుచెదరలేదు.

చెదిరినవి వేరే ఉన్నాయి. సింగిల్ సిలిండర్ అదురుకు హెడ్‌లైటు మోసే అల్యూమినియం పట్టీలు బోల్టు రంధ్రం దగ్గరే పగిలాయి. నంబర్ ప్లేటు పట్టీదీ అదే కథ. ఉక్కు పట్టీలు చేసి, మధ్యలో రబ్బరు వాషర్లు, నైలాన్ నట్లు వేశాక నిలిచాయి. స్పానర్ తిప్పడం విసుగనుకునేవాళ్లకు ఈ బండి వద్దు.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి కార్బురేటర్ మూతికే నేరుగా తొడిగే చిన్న పాడ్ ఫిల్టర్ తగిలిస్తే ఫ్రేము మధ్యలో ఖాళీ కనబడుతుంది. అందరూ తీసేది ఆ ఖాళీ కోసమే, పికప్ కోసమని పైకి చెబుతారు. గాలి ఎక్కువై మిశ్రమం పలచబడితే కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే రంధ్రం, అంటే మెయిన్ జెట్, పెద్దది వేయాలి, పెట్రోలును అదుపు చేసే సూది, అంటే నీడిల్, ఒక గాడి ఎత్తాలి, కాస్త తోలి స్పార్క్ ప్లగ్గు విప్పి చూడాలి. కొన తెల్లగా ఉంటే పెట్రోలు చాలట్లేదు, మసి పడితే ఎక్కువైంది, లేత గోధుమరంగు వస్తే సరే. నాది కేబుల్‌తో స్లైడు లేచే కార్బురేటర్ కాబట్టి లొంగింది. ఇంజన్ పీల్పుతో స్లైడు లేచే సీవీ కార్బురేటర్ అయితే డబ్బా జోలికి వెళ్లకండి.

సైలెన్సర్ గొట్టానికి చుట్టే పట్టీ కూడా దండగే. తడి పట్టుకుని లోపల్లోపలే తుప్పు పట్టిస్తుంది, విప్పి పారేశాను. ముందు మడ్‌గార్డ్ పొట్టిదైనా ఉంచాను. వెనకది లేదు, వానలో తోలి దిగితే చొక్కా వీపున నడుం నుంచి మెడ దాకా బురద చార. సీటు కింద ఉండే, బ్యాటరీ ఛార్జింగును అదుపు చేసే రెగ్యులేటర్ మీదికి ఆ నీళ్లు చిమ్మకుండా పాత ట్యూబు ముక్క వేలాడదీశాను, గాలి ఆడే జాగా వదిలి.

సీటు స్పాంజి సన్నం. గంట దాటితే దిగాలనిపిస్తుంది. రెండో మనిషికి చోటే లేదు. ఇవన్నీ తెలిసీ, పొద్దున్నే రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు మలుపుల్లో తోలడానికి దీన్నే బయటికి తీస్తాను. ఆఫీసుకు, సామాన్లకు వేరే బండి ఉంటేనే ఇలాంటిది కట్టండి. ఉన్నది ఒక్కటే అయితే దాని తోక కోయొద్దు.