స్కాన్ బాగానే తీశారు, మళ్లీ ఎందుకు తీశారు: ఒక కార్పొరేట్ ఆసుపత్రి రేడియాలజీ విభాగంపై సమీక్ష

మా పెదనాన్నగారికి మూత్రనాళంలో ఇరుక్కున్న రాయిని హైదరాబాదులోని ఒక పెద్ద కార్పొరేట్ ఆసుపత్రిలో తీయించాము. ఆ ఆసుపత్రిలోని ఆపరేషన్ల గురించి, గదుల గురించి, భోజనం గురించి రాసినవారు ఇప్పటికే చాలామంది ఉన్నారు. అందువల్ల ఈ సమీక్షను అక్కడి రేడియాలజీ విభాగానికి, ముఖ్యంగా ఒకసారి తీయించిన స్కాన్‌నే మళ్లీ తీయించినందుకు అయిన ఖర్చుకు పరిమితం చేస్తున్నాను.

విభాగం పనితీరును వంకపెట్టవలసిన అవసరం లేదు. బిల్లు కట్టిన తరువాత నిరీక్షణ ఎక్కువగా లేదు, టెక్నీషియన్లు మర్యాదగా మాట్లాడారు, వయసు మళ్లిన మనిషిని బల్ల మీదికి ఎక్కించడంలోనూ దించడంలోనూ తొందరపెట్టలేదు. రిపోర్టు ఆ సాయంత్రానికే చేతికొచ్చింది. రాయి కొలత, అది ఉన్న చోటు, సాంద్రత, కిడ్నీ వాపు ఏ స్థాయిలో ఉన్నదీ అన్నీ స్పష్టంగా రాశారు. అయితే ఆ రిపోర్టును, అంతకుముందు ఖమ్మంలో తీయించిన స్కాన్ రిపోర్టును పక్కపక్కన పెట్టి చదివితే రెండింటిలోనూ రాయి 9 మిల్లీమీటర్లే, ఉన్న చోటూ అదే, కిడ్నీ వాపూ అదే. మొదటిదానికి మేము చెల్లించింది 3,500 రూపాయలు, రెండవదానికి 7,800.

ఖమ్మంలో ముందుగా అల్ట్రాసౌండ్ చేశారు. కిడ్నీ ఉబ్బినట్టు కనిపించింది గాని రాయి కనిపించలేదు. మూత్రనాళం మధ్య భాగాన్ని పేగుల్లోని గ్యాస్ కప్పేస్తుంది కాబట్టి అల్ట్రాసౌండ్‌లో అక్కడి రాళ్లు తరచుగా దొరకవు. అందువల్ల కాంట్రాస్ట్ (బొమ్మ స్పష్టంగా రావడానికి నరంలోకి ఎక్కించే మందు) ఇంజెక్షన్ అవసరం లేని సీటీ కేయూబీ, అంటే కిడ్నీలు, మూత్రనాళాలు, మూత్రాశయం కనిపించే సీటీ స్కాన్ తీయించారు, రాయి తేలింది. అంతవరకు ప్రతి పరీక్షకూ ఒక కారణం ఉంది. హైదరాబాదు చేరేసరికి ఆ సీటీకి వారం కూడా నిండలేదు. అయినా సర్జన్ గారి గదిలోకి వెళ్లకముందే, బయట కూర్చున్న సహాయకుడు అల్ట్రాసౌండు, సీటీ రెండూ రాసిన చీటీ చేతికిచ్చాడు. ఖమ్మం ఫిల్ములు తెచ్చామని చెబితే, బయటి స్కాన్ల మీద తమ దగ్గర ఆపరేషన్ చేయరని, అది తమ పద్ధతి అని సమాధానం వచ్చింది. ఫిల్మును కవరులోంచి తీసి చూసినవారు కూడా లేరు.

మళ్లీ తీసే ప్రతి స్కానూ వృథా అని నేను అనడం లేదు. మూత్రనాళంలో రాయి స్థిరంగా ఉండదు. రెండు మూడు వారాలు గడిచి, నొప్పి ఉన్నట్టుండి తగ్గిపోయి ఉంటే, రాయి కిందికి జారిందా, మూత్రంలో పడిపోయిందా అన్నది తేల్చుకోకుండా రోగిని ఆపరేషన్ బల్ల ఎక్కించడమే తప్పవుతుంది. జ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా పాత బొమ్మ పనికిరాదు. మొదటి స్కాన్ కదలిక వల్ల మసకబారితే అదీ కారణమే. మా పెదనాన్నగారి విషయంలో వీటిలో ఏ ఒక్కటీ లేదు. నొప్పి అలాగే ఉంది, ఉన్న చోటే ఉంది. ఒకవేళ సర్జన్‌కు రాయి కదిలిందేమోనన్న అనుమానమే ఉంటే, చాలా రాళ్లు మామూలు ఎక్స్‌రేలోనే కనిపిస్తాయి గనుక దానితో సరిపోయేది. యూరిక్ యాసిడ్ రాయి అయితే మాత్రం ఎక్స్‌రేకు చిక్కదు.

ఇందులో ఖమ్మం సెంటరు వాటా కూడా కొంత ఉంది. వారిచ్చినది రెండు పెద్ద ఫిల్ములు, ఒక రిపోర్టు. సీటీ అంటే వందలాది సన్నని పొరల బొమ్మలు. వాటిలో ఎంపిక చేసిన కొన్నింటిని అచ్చువేసిన ఫిల్మును చూసి లేజర్‌తో ఎటునుంచి వెళ్లాలో నిర్ణయించమంటే సర్జన్ సందేహించడం సహజమే. ఆయనకు కావలసింది డైకామ్ రూపంలోని, అంటే కంప్యూటరులో తెరిచి చూసే వైద్య ఫైళ్ల రూపంలోని మొత్తం బొమ్మలు. మేము ఫోన్ చేసి అడిగితే ఖమ్మంవారు సీడీ ఇవ్వడానికి వెంటనే ఒప్పుకున్నారు, ఫోనుకు లింకు కూడా పంపారు. ఇక్కడి కౌంటరులో మాత్రం, వైరస్ భయంతో బయటి సీడీలను తమ కంప్యూటర్లలో పెట్టనివ్వరని, లింకులు తెరవడానికి తమకు అనుమతి లేదని చెప్పారు. కోట్ల రూపాయల యంత్రాలున్న చోట బయటి సీడీని తెరవడానికి ఒక విడి కంప్యూటరు లేకపోవడం డబ్బు చాలక జరిగినదని నమ్మడం కష్టం.

అన్నిటికన్నా ఆశ్చర్యపరిచినది రేడియాలజీ కౌంటరు పక్కన గోడకు తగిలించిన ధరల పట్టిక. దాని అడుగున, బయటి స్కాన్‌ను తమ రేడియాలజిస్టు చూసి అభిప్రాయం రాసి ఇచ్చేందుకు 1,000 రూపాయలు అని ఒక పంక్తి ఉంది. అంటే సేవ ఉంది, ధర ఉంది, అక్కడికి రోగిని పంపేవారే లేరు. ఆ పంక్తి నా కంటపడేసరికి రెండవ సీటీ పూర్తయిపోయింది.

ధరల గురించి మరొక మాట. ఆ ఆసుపత్రిలో అడ్మిట్ అయిన రోగికి స్కాన్ ధర గది తరగతిని బట్టి మారుతుంది. జనరల్ వార్డు రోగికి ఒక ధర, సింగిల్ రూము రోగికి ఇంకొక ధర. యంత్రం అదే, టెక్నీషియన్ అతడే, రిపోర్టు రాసే డాక్టరూ ఆయనే. పక్కగదిలో ఏసీ ఉంటే సీటీ బొమ్మ ఖరీదెందుకు పెరుగుతుందో బిల్లింగువారు చెప్పలేకపోయారు. 2021లో కొవిడ్ రెండవ ఉధృతి సమయంలో తెలంగాణ ప్రభుత్వం ఛాతీ హెచ్ఆర్‌సీటీకి (ఊపిరితిత్తులను వివరంగా చూపే సీటీకి) గరిష్ఠ ధరను 1,995 రూపాయలుగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 3,000గా నిర్ణయించాయి. అదీ కాంట్రాస్ట్ లేని సీటీయే, ఇదీ కాంట్రాస్ట్ లేని సీటీయే. ఛాతీకి బదులు పొట్ట అయినంత మాత్రాన ధర తెలంగాణ గరిష్ఠానికి దాదాపు నాలుగు రెట్లు కావడానికి వైద్యపరమైన కారణం నాకు కనిపించలేదు.

బీమా ఉన్నవారు ఈ ఖర్చును పట్టించుకోరు, అది తెలివైన పని కాదు. అడ్మిషన్‌కు ముందు తీయించిన స్కాన్‌లను, ఆ తరువాత అదే జబ్బుకు అడ్మిట్ అయితే, పాలసీలోని గడువుకు లోబడి తిరిగి చెల్లిస్తారు. కేవలం పరీక్షల కోసం అడ్మిట్ అయితే మాత్రం అది బీమా చెల్లించని మినహాయింపుల్లోకి పోతుంది. మాకు ఆపరేషన్ జరిగింది గనుక డబ్బు తిరిగి వచ్చింది, కాని రెండు సీటీల బిల్లులు చూసిన బీమా సంస్థ రెండవది ఎందుకు అవసరమైందో డాక్టరు చేత రాయించి పంపమన్నది. ఆ ప్రశ్న మేము కౌంటరులో అడిగినప్పుడు సమాధానం లేదు, బీమావారు అడిగినప్పుడు మాత్రం వెంటనే లెటర్‌హెడ్ మీద వచ్చింది.

రేడియేషన్ సంగతి ఉన్నదాన్ని మించి చెప్పను. పొట్ట సీటీ ఒక్కటి సుమారు 8 నుంచి 10 మిల్లీసీవర్టులు (శరీరానికి అందే రేడియేషన్‌కు కొలమానం), ప్రకృతి నుంచి మనిషికి ఏటా అందేది సగటున 2.4. అరవై దాటిన మనిషికి ఒక అదనపు సీటీ వల్ల పెద్ద ముప్పేమీ లేదు. అయితే రాళ్ల రోగులకు రాళ్లు మళ్లీ మళ్లీ వస్తాయి, పాతికేళ్ల వయసులో మొదలైనవారూ ఉన్నారు. వారికి ఇదే పద్ధతి వర్తిస్తే లెక్క వేరుగా ఉంటుంది. రాళ్ల కోసమే తక్కువ మోతాదులో సీటీ తీసే వీలుంది, అడిగితే ఇక్కడా తీస్తారు.

సర్జన్ గారి గురించి న్యాయంగా చెప్పాలి. లేజర్‌తో రాయిని పగలగొట్టి డీజే స్టెంట్ (మూత్రం ఆగకుండా మూత్రనాళంలో కొన్నాళ్లు ఉంచే సన్నని గొట్టం) వేశారు, పని శుభ్రంగా జరిగింది. స్టెంట్ తీసే ముందు మళ్లీ సీటీ అని డిశ్చార్జి కాగితంలో ఉంటే, ఈసారి నేరుగా ఆయననే అడిగాను. ఒక్క క్షణం ఆలోచించి దాన్ని కొట్టేసి ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ అని రాశారు. సీటీ అన్న పదం కాగితంలోకి ఆయన నిర్ణయంగా కాక, ముందే అచ్చయిన నమూనాలోంచి వచ్చిందని అప్పుడు అర్థమైంది. కమీషన్ల ఆరోపణలు ఈ ఆసుపత్రి మీద నేను చేయను. యంత్రం, డాక్టరు, బిల్లు ఒకే గొడుగు కింద ఉన్నప్పుడు కమీషన్ అవసరమే ఉండదు.

చివరికి మా బొమ్మలన్నీ సీడీలో కావాలని దరఖాస్తు ఇచ్చాను. రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య వృత్తి నిబంధనలు చెబుతున్నాయి. నోటిమాటగా అడిగినప్పుడు రేపు రమ్మన్నవారు, రాతపూర్వకంగా అడిగేసరికి గడువులోనే ఇచ్చారు, 300 రూపాయలు తీసుకున్నారు. సేవకు అయిదులో నాలుగు, ధరలకు రెండు, బయటి స్కాన్‌ల పట్ల వైఖరికి ఒకటి ఇస్తాను. రాయి తీయించుకోవడానికి ఈ ఆసుపత్రికి వెళ్లవచ్చు, అయితే సీడీ వెంట తీసుకెళ్లి, చీటీ మీద సీటీ రాసేలోగానే ఆ 1,000 రూపాయల పంక్తిని చూపించి అడగండి.