బయోకెమిస్ట్రీ పీహెచ్‌డీ: హైదరాబాదా, అమెరికానా, జర్మనీనా?

ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ రెండో ఏడాదికి వచ్చేసరికి పిల్లలంతా ఒకే ప్రశ్న అడుగుతారు. "మేడమ్, ఇక్కడే జేఆర్ఎఫ్ కొట్టి చేరాలా, అమెరికాకి అప్లై చెయ్యాలా?" జేఆర్ఎఫ్ అంటే జాతీయ స్థాయి పరీక్ష రాసి తెచ్చుకునే పరిశోధన ఫెలోషిప్. జర్మనీ వెళ్లిన సీనియర్ ఎవరైనా ఉంటే ఆ పేరూ వస్తుంది. ఇంట్లోవాళ్లు దేశం పేరు చూస్తారు, కాలేజీలో ర్యాంకింగులు చూస్తారు. నేను ముందు చూడమనేది వేరు. ఆ ఐదారేళ్లూ నెలనెలా మీకు వచ్చే డబ్బు ఎవరి పేరు మీద వస్తుంది? మీ పేరు మీదా, గైడ్ గ్రాంటు మీదా, ఉద్యోగ ఒప్పందం మీదా? ల్యాబులో మీ మాట ఎంత చెల్లుతుంది, గైడ్‌తో పొసగకపోతే ఏమవుతుంది, థీసిస్ ఎప్పటికి పూర్తవుతుంది అన్నవన్నీ చాలావరకు దీని మీదే ఆధారపడతాయి.

మన దగ్గరి సంగతితో మొదలుపెడదాం. జేఆర్ఎఫ్ ముఖ్యంగా నెట్ పరీక్ష ద్వారా వస్తుంది. యూజీసీ నెట్‌లో బయోకెమిస్ట్రీ పేపర్ లేదు. సీఎస్ఐఆర్ నెట్‌లో లైఫ్ సైన్సెస్ రాయాలి. మూడు గంటల పరీక్ష, 200 మార్కులు. అందులో సగం పార్ట్ సీ ఒక్కదానికే. 75 ప్రశ్నలిస్తారు, 25 రాస్తే చాలు, ఒక్కోదానికి 4 మార్కులు. సిలబస్‌లో మొక్కలు, జంతువులు, ఎకాలజీ, ఎవల్యూషన్ అన్నీ ఉంటాయి కాబట్టి బయోకెమిస్ట్రీ వాళ్లు మొదట్లో బెదిరిపోతారు. అన్నీ చదవక్కర్లేదు. మాలిక్యులర్ బయాలజీ, సెల్ బయాలజీ, ఇమ్యునాలజీ, టెక్నిక్స్ గట్టిగా పట్టుకుంటే పార్ట్ సీకి కావలసిన ప్రశ్నలు దొరుకుతాయి. దీంతోపాటు కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) వాళ్ల బెట్ పరీక్ష, బయోకెమిస్ట్రీ సెక్షన్ ఉన్న గేట్ ఎక్స్ఎల్ పేపర్, బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ లాంటి పరిశోధన సంస్థలకు జేజీబిల్స్ అనే ఎంట్రన్స్ ఉన్నాయి. ఒకటి పోతే ఇంకొకటి.

జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు. తర్వాత సీనియర్ ఫెలో (ఎస్ఆర్ఎఫ్)గా మూడేళ్లు 42 వేలు. ఈ రేట్లు 2023 జనవరి నుంచి అమల్లో ఉన్నాయి. హాస్టల్ ఇవ్వకపోతే హెచ్ఆర్ఏ అదనం. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న స్నేహితుల జీతాలతో పోల్చుకుంటే చిన్నబోతారు గానీ ఇందులో ఒక బలం ఉంది. ఈ ఫెలోషిప్ మీ పేరున వస్తుంది. జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకైనా, ఉప్పల్‌లోని డీఎన్ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీకైనా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ)కైనా, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకైనా దాన్ని వెంటబెట్టుకుని వెళ్లొచ్చు. ఎంట్రన్సులూ ఇంటర్వ్యూలూ తప్పవు, అది వేరే సంగతి. గైడ్ తన గ్రాంటులోంచి మీకు ఒక్క రూపాయి జీతం ఇవ్వక్కర్లేదు కాబట్టి కాళ్లావేళ్లా పడాల్సింది మీరు కాదు. తర్వాత పొసగకపోయినా, అనుమతులు తెచ్చుకుని వేరే గైడ్ దగ్గరికి మారే వీలుంది. సులువు కాదు, మనసులు నొచ్చుకుంటాయి, ఒక ఏడాది పోవచ్చు. కానీ గైడ్‌తో చెడిందని ఫెలోషిప్ పోదు. అమెరికా వెళ్లిన వాళ్లలో చాలామందికి ఈ ధీమా ఉండదు.

ఇందులో చిక్కు ఐదేళ్ల గడువు. బయోకెమిస్ట్రీ థీసిస్ ఐదేళ్లలో ముగిస్తే అదృష్టమే. ఆరో ఏడాది పేపర్ రివిజన్లలో పడి ఉన్నప్పుడు ఫెలోషిప్ ఆగిపోతుంది. అప్పుడు గైడ్ ప్రాజెక్టులో ఏదో పోస్టు చూపిస్తే సరే, లేకపోతే ఇంట్లో అడగాలి. పైగా ఫెలోషిప్ డబ్బు నెలల తరబడి రాకపోవడం, ఒకేసారి అరియర్స్‌గా పడటం స్కాలర్లందరికీ అనుభవమే. రెండు మూడు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని చేరడం మంచిది.

ఇక్కడ ఒక హెచ్చరిక. "ప్రాజెక్ట్ జేఆర్ఎఫ్" అని ప్రకటనల్లో కనిపించేది ఈ జేఆర్ఎఫ్ కాదు. అది గైడ్ ప్రాజెక్టు డబ్బుతో ఇచ్చే ఉద్యోగం, ప్రాజెక్టుతోనే ముగుస్తుంది. "ముందు చేరమ్మా, రిజిస్ట్రేషన్ తర్వాత చూద్దాం" అన్న మాట నమ్మి మూడేళ్లు పనిచేసి, ఆఖరికి రిజిస్ట్రేషన్ లేకుండా బయటికొచ్చిన వాళ్లు నాకు తెలుసు. పేపర్‌లో వాళ్ల పేరు మూడోదో నాలుగోదో. రిజిస్ట్రేషన్ ఎప్పుడో తేదీతో సహా చెప్పకపోతే, నెట్ మళ్లీ రాసేదాకా గడిచే ఏడాదికి పనికొచ్చే ఉద్యోగంగా మాత్రమే దాన్ని చూడండి.

రాష్ట్ర విశ్వవిద్యాలయాల గురించి కూడా నిక్కచ్చిగా చెప్పుకోవాలి. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర, అనంతపురం శ్రీకృష్ణదేవరాయ, వీటన్నిటిలోనూ బయోకెమిస్ట్రీ విభాగాలున్నాయి. మంచి గైడ్లు కూడా ఉన్నారు. కానీ ఫెలోషిప్ లేకుండా అక్కడ చేరొద్దు. సెంట్రల్ యూనివర్సిటీల్లోనైతే నెట్ లేనివాళ్లకు నెలకు 8 వేలు ఇచ్చే నాన్-నెట్ ఫెలోషిప్ ఉంది. ఆ 8 వేలతో హైదరాబాద్‌లో ఎలా బతకాలో ఎవరూ చెప్పరు. జేబులోంచి ఖర్చు పెట్టుకుంటూ, సాయంత్రం కోచింగ్ సెంటర్లో పాఠాలు చెబుతూ చేసే పీహెచ్‌డీ ఎనిమిదేళ్లకు పోతుంది.

అమెరికాకొద్దాం. అక్కడి బయోకెమిస్ట్రీ ప్రోగ్రాములో మనకు నచ్చాల్సిన మొదటి విషయం రొటేషన్లు. మొదటి ఏడాది రెండు మూడు ల్యాబుల్లో కొన్ని వారాల చొప్పున పనిచేసి, ఆ తర్వాత గైడ్‌ను ఎంచుకుంటారు. గైడ్ అరుస్తాడా, వారాంతాల్లో రమ్మంటాడా, సీనియర్లు ముఖాలు వేలాడేసుకుని ఉన్నారా అన్నది ఆ ఆరేడు వారాల్లోనే తెలిసిపోతుంది. మన దగ్గరా కొన్ని సంస్థల్లో రొటేషన్లున్నాయి. కానీ చాలాచోట్ల ఇంటర్వ్యూ బోర్డు ముందు కూర్చున్న అరగంటలోనే ఐదేళ్ల గైడ్ ఎవరో తేలిపోతారు.

ట్యూషన్ ఫీజు మాఫీ, హెల్త్ ఇన్సూరెన్స్, స్టైపెండ్ అన్నీ ఇస్తారు. ఎమ్మెస్ కోసం అప్పు చేసి వెళ్లడానికీ దీనికీ పోలికే లేదని తల్లిదండ్రులకు ముందే చెప్పండి, సగం టెన్షన్ తగ్గుతుంది. స్టైపెండ్ చాలాచోట్ల ఏడాదికి సుమారు 30 వేల నుంచి 45 వేల డాలర్ల మధ్య ఉంటుంది. రూపాయల్లోకి మార్చుకుని మురిసిపోకండి. బోస్టన్‌లోనో శాన్‌ఫ్రాన్సిస్కోలోనో అద్దెకే సగం పోతుంది. మిడ్‌వెస్ట్‌లో చిన్న ఊళ్లోని స్టేట్ యూనివర్సిటీలో తక్కువ స్టైపెండ్‌తోనే సుఖంగా ఉంటారు.

డబ్బు ఎవరిదన్న ప్రశ్నకు అక్కడ జవాబు మారిపోతుంది. మొదటి ఏడాదో రెండేళ్లో డిపార్ట్‌మెంట్ ఇస్తుంది, లేదా యూజీ పిల్లలకు ల్యాబ్ చెప్పే టీఏ పని ద్వారా వస్తుంది. ఆ తర్వాత గైడ్ గ్రాంటు మీదే బతకాలి. ఆ గ్రాంటు ఎక్కువగా అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ ఇచ్చేది. ఎన్ఐహెచ్ నేరుగా విద్యార్థికిచ్చే ఎఫ్31 ఫెలోషిప్ పౌరులకూ గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకే గనుక మనకు రాదు. గైడ్ గ్రాంటు రెన్యూ కాకపోతే మళ్లీ టీఏ, లేదా వేరే ల్యాబు. వీసా కూడా అదే యూనివర్సిటీ చదువుతో ముడిపడి ఉంటుంది కాబట్టి గైడ్‌తో గొడవ పెట్టుకునే ధైర్యం సహజంగానే తగ్గుతుంది. 2025లో ఎన్ఐహెచ్ నిధుల మీద కోతల భయం పుట్టగానే కొన్ని యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి, ఇచ్చిన ఆఫర్లు వెనక్కి తీసుకున్నవీ ఉన్నాయి. అంత పెద్ద వ్యవస్థ ఒక్క సీజన్‌లో అలా కదిలిపోతుందని అంతకుముందు ఎవరూ అనుకోలేదు.

మన భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో చేరేనాటికి ఈ స్టైపెండ్లేవీ లేవు. ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్ పని చేస్తూ చదువుకున్నారు. పగలు అక్కడి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925లో అచ్చయిన ఆ పద్ధతిని ఇవాళ్టికీ మన ఎమ్మెస్సీ పిల్లలు ప్రాక్టికల్స్‌లో చేస్తున్నారు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. హార్వర్డ్ మాత్రం ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లిపోయారు.

పని విషయంలో అమెరికాకూ మనకూ ఉన్న పెద్ద తేడా రోజూ బెంచి దగ్గర కనిపిస్తుంది. ఒక యాంటీబాడీ కావాలనుకోండి. అక్కడ సోమవారం ఆర్డర్ పెడితే బుధవారానికి వచ్చేస్తుంది. ఇక్కడైతే ఇండెంట్, కొటేషన్లు, ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌లో ఆ వస్తువు లేదన్న రిపోర్టు, సంతకాలు, ఆపైన విదేశం నుంచి డ్రై ఐస్ మీద రావడం. ఆరు నుంచి ఎనిమిది వారాలంటే త్వరగా వచ్చినట్టే. దారిలో కరిగిపోయి వస్తే మళ్లీ మొదటి నుంచి. పరిశోధన సంస్థల కొనుగోళ్ల నిబంధనలను 2025లో కొంత సడలించారు, ఆ ఊరట కింది స్కాలర్ దాకా రావాలి. ఐదేళ్లలో ఇలాంటి ఎదురుచూపులన్నీ కలిపితే ఒక పేపర్‌కు సరిపడే కాలం పోతుంది.

అయితే ఈ కొరతలో ఒక మేలూ ఉంది. కిట్లు కొనే డబ్బు లేక డీఎన్ఏను కాపీ చేసే ఎంజైమ్ టాక్ పాలిమరేజ్‌ను ఈ.కోలై బాక్టీరియాలో తామే తయారుచేసుకునే ల్యాబులు మన దగ్గర ఎన్నో. కోల్డ్ రూమ్‌లో స్వెట్టర్ వేసుకుని కాలమ్ ముందు కూర్చుని ప్రొటీన్ ప్యూరిఫై చేసిన వాడికి, కిట్‌లో మూడో బఫర్ ఎందుకు పోస్తున్నామో చెప్పక్కర్లేదు. మన స్కాలర్లు పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగానికి, అంటే పోస్ట్‌డాక్‌కు, వెళ్లినప్పుడు అక్కడివాళ్లు మెచ్చుకునేది ఈ చేతి పనినే.

ఏ టాపిక్ మీద పనిచేస్తారన్నది కూడా చూసుకోవాలి. ప్రొటీన్ నిర్మాణాల మీద క్రయో-ఈఎమ్‌తో (గడ్డకట్టించి చూసే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) పనిచెయ్యాలనుకునేవాళ్లకు విదేశమే మేలు. బెంగళూరులో ఆ యంత్రాలు ఉన్నా స్లాట్ కోసం పోటీ ఎక్కువ. పోషకాహారం, రక్తహీనత మీదైతే హైదరాబాద్‌ను మించిన చోటు దొరకదు. 1918లో కూనూర్‌లో మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చిన పోషకాహార సంస్థ చేసిన పని అంతా మన జనం మీదే. కంటి జబ్బుల వెనకున్న జీవరసాయనం మీద ఆసక్తి ఉంటే ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో పరిశోధన విభాగం ఉంది, పేషెంట్ల శాంపిళ్లు పక్క బిల్డింగ్‌లోనే దొరుకుతాయి. వాటికోసం అమెరికా వెళ్లి, అక్కడినుంచి ఇండియా శాంపిళ్లు తెప్పించుకోవడం తిరకాసు పని.

జర్మనీ గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే లెక్క తేలిక. అక్కడ పీహెచ్‌డీ చాలామందికి ఉద్యోగం. జీతం, పెన్షన్, సెలవులు అన్నీ ఒప్పందంలో రాసి ఉంటాయి. టీవీ-ఎల్ ఇ13 అనే అక్కడి ప్రభుత్వ జీతాల స్కేల్‌లో 65 శాతం అంటే, పన్నులు పోను చేతికి సుమారు 2 వేల యూరోలు. మ్యూనిక్ దగ్గర మార్టిన్స్‌రీడ్‌లో మాక్స్ ప్లాంక్ బయోకెమిస్ట్రీ సంస్థ ఉంది. జర్మనీలో సాధారణంగా మాస్టర్స్ చేసినవాళ్లనే తీసుకుంటారు కాబట్టి మన ఎమ్మెస్సీ రెండేళ్లు వృథా కావు. అమెరికాలో ఆ రెండేళ్లకు విలువ తక్కువే, బీఎస్ చేసినవాళ్లతో కలిసి మొదటి నుంచి కోర్సులు చదవాలి. జర్మనీలో మూడు, నాలుగేళ్లలో డిగ్రీ చేతికొస్తుంది. కోర్స్‌వర్క్ దాదాపు ఉండదు కనుక బేసిక్స్ బలంగా లేనివాళ్లు మొదటి ఏడాదే తడబడతారు. ఒప్పందం గడువు దగ్గరపడుతుంటే గైడ్ కూడా పని త్వరగా ముగించమంటాడు. ఇరవై ఆరేళ్లు దాటి, పెళ్లి గురించి ఇంట్లో ఒత్తిడి ఉన్న అమ్మాయిలకు నేను తరచూ జర్మనీ చెబుతాను. ఆ ఒత్తిడి న్యాయమని కాదు, త్వరగా ముగిసే దారి అదే.

మరి ఏది మేలు? జేఆర్ఎఫ్ చేతిలో ఉండి, సీసీఎంబీలోనో ఐఐఎస్సీలోనో హెచ్‌సీయూలోనో మీకు నచ్చిన పని చేసే ల్యాబు దొరికితే ఇక్కడే చేరండి, పోస్ట్‌డాక్‌కు బయటికి వెళ్లండి. మన దగ్గర ఫ్యాకల్టీ పోస్టులకు ఎలాగూ విదేశీ పోస్ట్‌డాక్ చూస్తారు కాబట్టి అమెరికా తలుపు పీహెచ్‌డీ దగ్గర ఒక్కసారే తెరుచుకునేది కాదు. జేఆర్ఎఫ్ రాలేదు, కానీ ఎమ్మెస్సీ డిసర్టేషన్ నిజంగా మీ చేతులతో చేశారు, గైడ్ మంచి లెటర్ రాస్తారు అనుకుంటే అమెరికా, జర్మనీ రెండింటికీ అప్లై చెయ్యండి. అమెరికాలో చాలా బయాలజీ ప్రోగ్రాములు జీఆర్ఈ అడగడం మానేశాయి. వాళ్లు చూసేది రీసెర్చ్ అనుభవం. నెట్‌లో పార్ట్ సీ దాటలేకపోయిన వాడు ఒక మంచి ల్యాబులో ఏడాదిన్నర పనిచేసి అక్కడ సీటు తెచ్చుకోవడం అరుదేమీ కాదు. ఇక మీ ఆలోచనల్లో ఉన్నది హైదరాబాద్ దగ్గర ఫార్మా, బయోటెక్ కంపెనీలున్న జీనోమ్ వ్యాలీలో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగమైతే, ఈ మూడూ వద్దు. దానికి ఎమ్మెస్సీ చాలు, పీహెచ్‌డీ ఉంటే ఓవర్ క్వాలిఫైడ్ అని పక్కన పెడతారు కూడా.

ఎక్కడ చేరేముందైనా ఆ ల్యాబులో ఉన్న స్కాలర్‌ను, గైడ్ లేనప్పుడు, మూడు విషయాలు అడగండి. కిందటి ముగ్గురికి ఎన్నేళ్లు పట్టింది, వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు, మధ్యలో వెళ్లిపోయినవాళ్లు ఎందుకు వెళ్లారు. మూడోదానికి జవాబు చెప్పకుండా నవ్వితే ఆ ల్యాబు వదిలెయ్యండి.

తేదీల విషయం ఒకటి. అమెరికా దరఖాస్తుల గడువు చాలావరకు డిసెంబరు 1 చుట్టూ ఉంటుంది, ఆఫర్ వస్తే ఏప్రిల్ 15 లోగా జవాబివ్వాలి. నెట్ డిసెంబరు సెషన్ కూడా ఆ రోజుల్లోనే మీద పడుతుంది. రెండూ చేద్దామనుకుంటే సిఫార్సు లెటర్లు సెప్టెంబరులోనే అడిగిపెట్టుకోండి. అప్లికేషన్ ఫీజు ఒక్కో యూనివర్సిటీకి 75 డాలర్ల నుంచి వందదాకా అవుతుంది. మాఫీ అడిగితే కొన్నిచోట్ల ఇస్తారు, ఈమెయిల్ పెట్టడానికి మొహమాటపడకండి.