ఊదా మూతా, ఆకుపచ్చ మూతా: రక్తం చిక్కదనానికి ఏ ట్యూబు మేలు?

అనంతపురంలో నా దగ్గరికి ల్యాబ్ శిక్షణకు వచ్చే పిల్లలు ఏటా ఇదే అడుగుతారు: రక్తం చిక్కదనం కొలవడానికి ఏ మూత ట్యూబులో తీయాలి?

నీలం మూతను ముందే పక్కన పెడతాను. అందులో రక్తం గడ్డకట్టకుండా ఆపే సిట్రేట్ ద్రవంగా ఉంటుంది, తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు. పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, 45 శాతం ఉన్న రక్తం అందులో పడితే అది 40.5కి దిగుతుంది, కణాలు తేలే ద్రవమైన ప్లాస్మా కూడా పలచబడుతుంది. పాలలో నీళ్లు కలిపి గేదెను తిట్టినట్టు ఉంటుంది ఆ కొలత. ఎర్ర మూత సంగతి అడగనే వద్దు. గడ్డకట్టాక మిగిలేది కణాలు లేని సీరమే.

ఇక ఈడీటీఏ ఉన్న ఊదా, హెపారిన్ ఉన్న ఆకుపచ్చ. ఈ రెండూ గడ్డకట్టకుండా ఆపే మందులే. పొడి పూసిన ట్యూబులైతే రెండూ రక్తాన్ని పలచన చేయవు. ఈడీటీఏతో ఒక చిక్కుంది. రెండు మిల్లీలీటర్ల ట్యూబులో అర మిల్లీలీటరే పోస్తే మందు ఎక్కువై ఎర్రకణాలు ముడుచుకుంటాయి. హెపారిన్‌తో ఆ బెడద లేదు. ఆ లెక్కన మార్కులు ఆకుపచ్చకే వేయాలి. అయినా నా చేయి ఊదా వైపే పోతుంది. చిక్కదనాన్ని అన్నిటికన్నా ఎక్కువగా శాసించేది పీసీవీ. అది పక్కన లేకపోతే చిక్కదనం అంకెకు అర్థమే తెలియదు. ఊదా ట్యూబైతే అదే నమూనాను రక్తకణాలు లెక్కించే కౌంటర్ యంత్రానికి పెట్టి పీసీవీ కూడా తీసుకోవచ్చు; రోగికి ఒక్క సూదిపోటుతో పోతుంది. గీత దాకా నింపండి, అంతే.

చేతి పట్టీని నిమిషం దాటి బిగించి ఉంచితే మాత్రం ఏ మూతైనా ఒకటే. నాళంలోని నీరు బయటికి జారి నమూనా చిక్కబడుతుంది.

మొన్న ఒక అమ్మాయి ఒకే ట్యూబును రెండుసార్లు కొలిచి, రెండు అంకెలు వచ్చేసరికి యంత్రం పాడైందని వచ్చింది. వెళ్లి చూస్తే స్టాండులోని ట్యూబులో పైన ఎండుగడ్డి రంగు ప్లాస్మా వేలి మందాన తేరి ఉంది. మొదటిసారి పైనుంచి, రెండోసారి అడుగునుంచి తీసిందట. ట్యూబును ఎనిమిదిసార్లు మెల్లగా తలకిందులు చేయించాను. గిలక్కొట్టనివ్వలేదు, కణాలు పగులుతాయి. ఏసీ గదిలో చల్లబడిన నమూనా కదా. ఒక్క డిగ్రీ తగ్గితే చిక్కదనం సుమారు 2 శాతం పెరుగుతుంది. యంత్రం కప్పులో 37 డిగ్రీలకు వచ్చేదాకా ఆగి మళ్లీ రెండుసార్లు కొలిచింది. ఈసారి తేడా రెండో దశాంశంలోనే.