ఇంట్లో ఇంజిన్ దించడానికి రెండు టన్నుల మడత హాయిస్ట్: ఏళ్ల వాడకం తర్వాత

అమెరికాలో పాత మజిల్ కార్లను ఇంటి గ్యారేజీలోనే విప్పుకునేవాళ్ల దగ్గర తప్పనిసరిగా కనిపించే పనిముట్టు ఈ మడత ఇంజిన్ హాయిస్ట్, అంటే ఇంజిన్ ఎత్తే చిన్న క్రేన్. చెర్రీ పికర్ అని కూడా అంటారు. నేను దీన్ని ఎక్కువగా వాడింది 350 స్మాల్ బ్లాక్ వీ8 ఇంజిన్, టర్బో 350 ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఉన్న 1970 షెవ్రొలే షెవెల్ కారు మీద. 289 ఇంజిన్ ఉన్న 1966 ఫోర్డ్ మస్టాంగ్ మీద కూడా వాడాను. కొనదగ్గ వస్తువే, కానీ మీద రాసిన ‘2 టన్నులు’ చూసి మాత్రం కొనకండి.

ఆ 2 టన్నులు బూమ్ (బరువు వేలాడే, రంధ్రాలతో పొడవు మార్చుకునే చేయి) పూర్తిగా లోపలికి ఉన్నప్పటి లెక్క. ఒక్కో రంధ్రం బయటికి లాగేకొద్దీ అది ఒకటిన్నర, ఒకటి, చివరికి అర టన్నుకు పడిపోతుంది. షెవెల్‌కి ముక్కు పొడుగు, ఇంజిన్ బాగా వెనక్కి కూర్చుంటుంది. అందుకే బూమ్‌ని చివరి రంధ్రం దాకా లాగక తప్పదు. అంటే మనకు నిజంగా దక్కేది 1000 పౌండ్లే. ఇనుప 350 అన్ని సామాన్లతో సుమారు 575 పౌండ్లు, టర్బో 350 ఇంకో 120. టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ట్రాన్స్‌మిషన్‌కి అందించే భాగం), ఆయిల్ కలిపితే 700 దాటుతుంది. దానికి ఈ హాయిస్ట్ హాయిగా సరిపోతుంది. ఇంకా పెద్దవైన 454 బిగ్ బ్లాక్ ఇంజిన్‌నీ టర్బో 400 ట్రాన్స్‌మిషన్‌నీ కలిపి ఎత్తితే 850 దాకా పోతుంది కాబట్టి ఆ రెంటినీ విడదీసి దించడమే మేలు. చౌకగా వచ్చే 1 టన్ను హాయిస్టులు చాలావాటికి చివరి రంధ్రంలో 500 పౌండ్లే హద్దు. ఈ పనికి అవి పనికిరావు.

దీనికున్న పెద్ద లోపం చక్రాలు. నున్నటి కాంక్రీటు మీద బాగానే దొర్లుతాయి. నేలలో చిన్న పగులున్నా, గ్యారేజీ గుమ్మం దగ్గర అర అంగుళం ఎత్తున్నా టక్కున ఆగిపోతాయి. చక్రం ఆగినా వేలాడుతున్న ఇంజిన్ ఆగదు, ముందుకు ఊగుతుంది. హాయిస్ట్ బోల్తా కొట్టేది అప్పుడే. ఇంజిన్ బంపర్ దాటగానే నేలకు నాలుగైదు అంగుళాల ఎత్తుకు దించి, ఆ తర్వాతే జరపాలి. వాలుగా ఉన్న డ్రైవ్‌వేలోనూ గులకరాళ్ల మీదా దీన్ని వాడనే కూడదు.

హాయిస్ట్‌తో పాటు లోడ్ లెవెలర్ కూడా కొనుక్కోండి. హ్యాండిల్ తిప్పితే ఇంజిన్ ముందుకో వెనక్కో వాలుతుంది. ట్రాన్స్‌మిషన్‌తో కలిపి దించేటప్పుడు తోకను 30 నుంచి 45 డిగ్రీలు కిందికి వాల్చాలి. లెవెలర్ లేకుండా ఆ వాలు తేవాలంటే గొలుసు విప్పి మళ్లీ కట్టాలి, బరువు వేలాడుతుండగా ఆ పని కుదరదు. లెవెలర్ స్క్రూకి వాడే ముందు ప్రతిసారీ గ్రీజు పెట్టాలి. పొడిగా ఉంటే బరువు మీద హ్యాండిల్ తిరగడానికి మొరాయిస్తుంది, మరలు అరిగిపోతాయి.

గొలుసు ఎక్కడ బిగించాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. 1969 నుంచి వచ్చిన షెవీ (షెవ్రొలే) ఇంజిన్ హెడ్ల చివర్లలో 3/8-16 (3/8 అంగుళం, అంగుళానికి 16 మరలు) రంధ్రాలుంటాయి. గ్రేడ్ 8 (బాగా గట్టి రకం) బోల్టు, గొలుసు లింకు కన్నా వెడల్పైన మందపాటి వాషర్ వేసి, బోల్టు కనీసం అర అంగుళానికి పైగా లోపలికి దిగేలా బిగించాలి. బోల్టు తల లింకుకు ఆనుకుని ఉండాలి, మధ్యలో సందు ఉంటే బోల్టు వంగుతుంది. కార్బురేటర్ స్థానంలో బిగించి ఇంజిన్ ఎత్తే పలకలు అమ్ముతారు. అల్యూమినియం ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి, అందులోనూ ట్రాన్స్‌మిషన్‌తో కలిపి ఎత్తేటప్పుడు, వాటిని నమ్మను. మొత్తం బరువు అల్యూమినియంలోని నాలుగు 5/16 మరల మీదే పడుతుంది. గొలుసు మరీ పొట్టిగానూ ఉండకూడదు. రెండు కొసల మధ్య కోణం 120 డిగ్రీలకు చేరితే ఒక్కో కొస మీద ఇంజిన్ మొత్తం బరువంత లాగుడు ఉంటుంది.

ఎత్తే ముందు విప్పాల్సినవాటిలో బానెట్, రేడియేటర్, ఫ్యాన్ ష్రౌడ్ ఎవరూ మర్చిపోరు. బానెట్ కీలు చుట్టూ మార్కర్‌తో గీత గీసుకోండి, లేకపోతే తిరిగి బిగించేటప్పుడు సందులు సరిచేయడానికే పూట గడుస్తుంది. చాలామంది మర్చిపోయేవి ఇంజిన్ వెనక ఫైర్‌వాల్‌కి (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) పోయే గ్రౌండ్ పట్టీ, కార్బురేటర్ నుంచి టర్బో 350కి పోయే డిటెంట్ కేబుల్ (గేరు తగ్గించే తీగ), ట్రాన్స్‌మిషన్‌కి పోయే వాక్యూమ్ మాడ్యులేటర్ గొట్టం, స్టార్టర్ వైర్లు. షెవీకి డిస్ట్రిబ్యూటర్ వెనక ఉంటుంది. ఇంజిన్ వాలగానే ఫైర్‌వాల్‌కి కొట్టుకుంటుంది కాబట్టి దాన్ని ముందే తీసేయాలి. ఫ్యూయల్ పంపు దగ్గర గొట్టం ఊడదీయగానే మూసేయాలి, లేదంటే ట్యాంకులోని పెట్రోలు దానంతటదే కారుతూ ఉంటుంది. ఏసీ ఉంటే కంప్రెసర్‌ని గొట్టాలు విప్పకుండానే పక్కకు కట్టేయవచ్చు. ఏసీలోని పాత ఆర్-12 గ్యాసును గాల్లోకి వదలడం అమెరికాలో చట్టవిరుద్ధం. డ్రైవ్‌షాఫ్ట్ లాగాక ట్రాన్స్‌మిషన్ తోకకు ప్లాస్టిక్ బిరడా పెట్టండి, లేకపోతే వాలినప్పుడు ఆయిల్ అంతా నేలపాలే.

కింద పని ముగియగానే జాక్ స్టాండ్లు తీసి కారును నేలకు దించాకే హాయిస్ట్ తేవాలి. కారు పైకి ఉన్నకొద్దీ ఆయిల్ పాన్ రేడియేటర్ సపోర్టు దాటడానికి బూమ్ అంత ఎత్తు లేవాలి. మౌంట్ బోల్టులు లాగాక ఒక్క అంగుళం ఎత్తి ఆపండి. నాలుగు వైపులా టార్చ్ వేసి చూడండి. ఏదో ఒకటి బిగుసుకుని ఉంటే పంపు హ్యాండిల్ ఒక్కసారిగా బరువెక్కుతుంది. ఆ బరువును బలంతో గెలవాలని చూస్తే మౌంటో గొట్టమో విరుగుతుంది. మస్టాంగ్‌లో అటూ ఇటూ షాక్ టవర్లు (షాక్ అబ్జార్బర్ల పైకొస బిగించే గూళ్లు) ఇంజిన్‌కి బాగా దగ్గరగా ఉంటాయి. ఎగ్జాస్ట్ మానిఫోల్డులు, టవర్ల మధ్య కడ్డీ ముందే తీసేస్తే పని సగం తేలికవుతుంది.

దించే వాల్వు ఇందులో అన్నిటికన్నా మొండి భాగం. పావు చుట్టు తిప్పితే ఇంజిన్ దబ్బున పడుతుంది. హ్యాండిల్‌ని రెండు చేతులా పట్టుకుని వెంట్రుకవాసి తిప్పాలి, కదలిక మొదలవగానే అక్కడే ఆగాలి. కొత్తగా తెచ్చినప్పుడు ర్యామ్‌లో (బూమ్‌ని ఎత్తే హైడ్రాలిక్ జాక్) గాలి ఉంటే బూమ్ కుదుపులతో దిగుతుంది. వాల్వు తెరిచి బరువు లేకుండా పది, పదిహేనుసార్లు పంపు కొడితే గాలి పోతుంది. ఎత్తి ఉన్న ఇంజిన్ కింద చేయి కూడా పెట్టకూడదు.

ట్రాన్స్‌మిషన్‌ని కారులోనే ఉంచి ఇంజిన్ ఒక్కటే తీస్తే, ట్రాన్స్‌మిషన్ కింద చెక్క పలకతో జాక్ పెట్టాలి. కన్వర్టర్ ముందుకు జారకుండా బెల్‌హౌసింగ్‌కి (ట్రాన్స్‌మిషన్ ముందున్న గంట ఆకారపు తొడుగు) అడ్డంగా ఒక పట్టీ బిగించాలి. తిరిగి ఎక్కించే ముందు కన్వర్టర్‌ని తిప్పుతూ లోపలికి నెడితే టక్, టక్ అని మెట్లు మెట్లుగా దిగుతుంది. బెల్‌హౌసింగ్ పూర్తిగా కలిశాక ఫ్లెక్స్‌ప్లేట్‌కీ (ఇంజిన్ వెనకున్న పలచటి చక్రం) కన్వర్టర్‌కీ మధ్య 1/8 నుంచి 3/16 అంగుళం సందు ఉండాలి, కన్వర్టర్ చేత్తో తిరగాలి. సందు లేకపోతే కన్వర్టర్ ట్రాన్స్‌మిషన్ పంపులో కూర్చోలేదని అర్థం. బెల్‌హౌసింగ్ బోల్టులతో బలవంతంగా దగ్గరికి లాగితే ట్రాన్స్‌మిషన్ పంపు పగులుతుంది, హాయిస్ట్ ధర కన్నా ఆ ఖర్చే ఎక్కువ.

ఇన్నేళ్లలో పాడైంది ర్యామ్ సీలు ఒక్కటే, ఆయిల్ చెమ్మగిల్లడం మొదలైంది. సీలు కిట్ వేశాక మళ్లీ బరువును జారకుండా నిలబెడుతోంది. అందులో హైడ్రాలిక్ జాక్ ఆయిలే పోయాలి, బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లు ఉబ్బిపోతాయి. దాచేటప్పుడు ర్యామ్‌ని పూర్తిగా లోపలికి దించి పెట్టండి. బయట ఉన్న కడ్డీకి తుప్పు పట్టిందంటే అది కొత్త సీలును కూడా కోసేస్తుంది.